కమాను పట్టిన చేతి పని

ఆర్కెస్ట్రా ముందు నిలబడి చేతులూపే మనిషికి అంత పేరెందుకని పాశ్చాత్య సంగీతం కొత్తగా వింటున్నవాళ్లు అడుగుతుంటారు. కచేరీలో ఆయన ఒక్క స్వరమూ పలికించడు కదా! న్యాయమైన ప్రశ్నే. జవాబు కోసం కచేరీ హాలు వదిలి రిహార్సల్ గదిలోకి వెళ్లాలి. చెక్ కండక్టర్ వాత్స్లావ్ తాలిఖ్ (1883–1961) జీవితాన్ని ఆ కోణంలో చూస్తే, ఆయన సాధించినదానికి మూలం ఫిడేలు పాఠంలోనే ఉందనిపిస్తుంది.

తాలిఖ్ ప్రాగ్ కన్సర్వేటరీలో ఒతకార్ షెవ్‌చిక్ దగ్గర ఫిడేలు నేర్చాడు. ఫిడేలు విద్వాంసుడు యాన్ కుబెలిక్‌ను తయారుచేసిన గురువు ఈయనే. షెవ్‌చిక్ పద్ధతిలో కష్టమైన ప్రతి పనినీ చిన్న చిన్న ముక్కలు చేస్తారు. వేళ్ల కదలిక వేరు, కమాను నడక వేరు. ఒకే వరుసను కమాను కొసతో, మధ్యతో, మొదలుతో మార్చి మార్చి వాయించాలి. మన సరళీ స్వరాలను మూడు కాలాల్లో సాధన చేయించినట్టే, ఇంకా నిర్దాక్షిణ్యంగా. అక్కణ్నుంచి తాలిఖ్ బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌లో వాద్యకారుడిగా చేరి, ఆర్తూర్ నికిష్ కండక్టింగ్‌ను దగ్గర నుంచి చూశాడు. ల్యూబ్లియానాలో, పిల్సెన్‌లో పనిచేసి 1919లో చెక్ ఫిల్హార్మోనిక్ ప్రధాన కండక్టరయ్యాడు. 1941 దాకా ఆ బాధ్యత ఆయనదే. అక్కడ ఆయన చేసిందేమిటంటే, గురువు వేళ్లకు చేసినదాన్ని ఆర్కెస్ట్రాకు చేయడం: ఒక్కో వాద్య బృందాన్ని విడిగా కూర్చోబెట్టి, కమాను ఎక్కడ తిప్పాలో, ఏ స్వరం ఎంత బరువుతో పలకాలో తేల్చి, ఆ తర్వాతే అందరినీ కలపడం.

ఇలా తోమితే సంగీతం యంత్రంలా తయారవదా అన్నది మొదటి అభ్యంతరం. దానికి జవాబుగా చెక్ స్వరకర్త స్మెతానా రాసిన 'మా వ్లాస్త్'ను 1954లో ఆయన చేసిన రికార్డు చాలు. ఆ వాదనం ఊపిరి పీల్చే మనిషిలా సాగుతుంది. ఎక్కడ కమాను మారుతోందో అందరికీ ముందే తెలుసు గనక వాద్యకారుల మనసంతా పలుకు మీదే ఉంటుంది. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. 1896లో స్వరకర్త ద్వోర్జాక్ చేతుల మీదుగా తొలి కచేరీ చేసిన ఆర్కెస్ట్రాకు సొంత సంప్రదాయం ఉండదా, ఘనతంతా తాలిఖ్‌కే ఎందుకని. నిజమే, కానీ 1946లో ఆయన యువ వాద్యకారులతో చెక్ ఛాంబర్ ఆర్కెస్ట్రాను కొత్తగా కూర్చాడు. 1949లో బ్రాటిస్లావాలో అప్పుడే పుట్టిన స్లోవాక్ ఫిల్హార్మోనిక్‌కు నేతృత్వం వహించాడు. ఆ రెండింటికీ ఆసరా చేసుకోవడానికి సొంత చరిత్ర లేదు. ఫిడేలే మూలమైతే, పియానో నుంచి వచ్చిన జార్జ్ సెల్, షోల్టీ గొప్ప కండక్టర్లు కాలేదా అంటారా? అయ్యారు. ఫిడేలు ఒక్కటే దారి అని నేననడం లేదు. తాలిఖ్ దారి అది అంటున్నాను.

బ్రాటిస్లావాకు ఆయన ఇష్టపడి వెళ్లలేదు. నాజీల ఆక్రమణలో దేశం విడవకుండా పనిచేసినందుకు యుద్ధం ముగిశాక వాళ్లకు సహకరించాడన్న నేరం మోపి నిర్బంధించారు, ఆరోపణ నిలవలేదు. 1948లో కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చాక ప్రాగ్ తలుపులు మళ్లీ మూసుకున్నాయి.

అయితే ముక్కలు చేసి తోమే తాలిఖ్ పద్ధతికి ఒక నష్టముంది, దాన్ని దాచకూడదు. గరుకుదనం కనిపిస్తే నునుపు చేయకుండా ఆ చెయ్యి ఊరుకోదు. 1926లో చెక్ స్వరకర్త యానాచెక్ 'సిన్ఫోనియెట్టా'ను తొలిసారి వినిపించిన ఇదే తాలిఖ్, స్వరకర్త పోయిన తర్వాత 1937లో ఆయన నక్క కథతో రాసిన ఒపేరాను వేదికెక్కించినప్పుడు వాద్య కూర్పును మార్పించి మెత్తబరిచాడు. యానాచెక్ కావాలనే వదిలిన పదును అందులో పోయింది. 1947లో ప్రాగ్ వచ్చి తాలిఖ్ దగ్గర చదువుకున్న కండక్టర్ చార్ల్స్ మెకెరస్, తర్వాతి దశాబ్దాల్లో యానాచెక్ ఒపేరాలను స్వరకర్త రాసినట్టే పలికించడానికి పూనుకున్నాడు. రిహార్సల్ క్రమశిక్షణలో గురువే గురువు. యానాచెక్ విషయంలో మాత్రం శిష్యుడిదే సరైన తీర్పు.