జేబులో మూడు ఫీజులు

సోమవారం ఎర్రగుంట్ల దగ్గర మా బామ్మర్ది చేనికి పోయినాను. బోరు మోటారు ఆగిపోయి ఉంది. మెకానిక్కు బండి మీద ఒక్కడే వచ్చాడు, ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. చూడగానే కోపమొచ్చింది. కరెంటు పనికి, బావి పనికి, బండల గనిలో పనికి ఒంటరిగా పోవద్దని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు.

“తోడు ఎవరూ లేరా అబ్బీ?” అన్నాను.

“ముందు ఇద్దరం తిరిగేవాళ్ళం సార్. ఇప్పుడొచ్చే దుడ్లు ఒకరికే చాలడం లేదు” అంటూ స్టార్టర్ పెట్టె తెరిచాడు. మూడు ఫీజులూ ఊడబెరికి చొక్కా జేబులో వేసుకుని, గుండీ పెట్టుకున్నాడు.

ఆ గుండీ చూసి నా కోపం సగం దిగింది. కరెంటు వేళాపాళా లేకుండా వచ్చిపోయిన రోజుల్లో మన రైతులు ఆటోస్టార్టర్లు బిగించుకున్నారు. త్రీఫేజు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. రైతుకు రాత్రి నిద్ర మిగిల్చిన ఆ పెట్టే మెకానిక్కు పాలిట యముడవుతుంది. కరెంటు లేదు కదా అని కేబులు జాయింటు విప్పి కూర్చుంటే 415 వోల్టులు చెప్పకుండా వచ్చి పడతాయి. గుండె ఆగితే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. చేనికి మళ్ళీ మనిషి వచ్చేది సద్దిమూట వేళకే. లైన్‌మెన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్లో ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకుంటారు. తీసుకున్న మనిషి తిరిగి ఇచ్చేదాకా ఆ లైనులోకి కరెంటు వదలకూడదు. ఈ పిల్లవాడు తన ఎల్‌సీ తన జేబులోనే పెట్టుకున్నాడు.

అయినా పక్కన ఇంకొకరు ఉండాల్సిందేనని వాదించబోయాను. అప్పుడే మా జేజినాయన కపిల బావి గుర్తొచ్చింది.

బోర్లు రాకముందు మాట. వానలు మొహం చాటేసిన ఏడు, ఎండాకాలంలో బావి పూడిక తీసేవాళ్ళు. అరవై అడుగుల పైన లోతు. దిగే ముందు మోకుకు లాంతరు కట్టి దింపేవాళ్ళు. గాలిలో ప్రాణవాయువు మామూలుగా 21 శాతం ఉంటుంది. అది 16, 17కు పడితే లాంతరు ఆరిపోతుంది, మనిషి సొమ్మసిల్లేది ఇంకా తగ్గినాక. కుళ్ళిన ఆకుల నుంచి పుట్టే బొగ్గుపులుసు వాయువు గాలికంటే బరువు. అందుకని అడుగునే పేరుకుంటుంది. లాంతరు ఆరిందంటే వేపకొమ్మలు తాడుకు కట్టి కిందికీ మీదికీ ఆడించేవాళ్ళు, గాలి కదలాలని. తర్వాత కొందరు ఆయిలు ఇంజన్లను బావిలోకే దించుకున్నారు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడును మాత్రం ఏ లాంతరూ పసిగట్టలేదు.

నాకు బాగా గుర్తున్నది లాంతరు కాదు, గట్టు మీది మనిషి. కుర్రవాళ్ళు కిందికి దిగేవాళ్ళు. అందరికంటే పెద్దవాడు, పని తెలిసినవాడు గట్టు మీద మోకు పట్టుకుని నిలబడేవాడు. పార పట్టడు, గంప మోయడు. కూలి మాత్రం అందరితో సమానం. ఊరికే నిలబడినాయనకు కూలి ఎందుకని చిన్నప్పుడు అడిగాను. “కింద మనిషి పడిపోతే పైనుంచి దూకకుండా ఉండేది ఆయనొక్కడే నాయనా” అన్నాడు జేజినాయన. ఆ మాట నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

2015 నవంబరులో కోజికోడ్‌లో మ్యాన్‌హోల్లోకి దిగిన ఇద్దరు ఆంధ్ర కూలీలు ఊపిరాడక పడిపోయారు. దారిన పోతున్న ఆటోడ్రైవరు వాళ్ళ కోసం దిగాడు. ముగ్గురూ పోయారు. ఆయన మంచితనానికి చేతులెత్తి మొక్కుతాను. కానీ ఇరుకు చోట్ల పోతున్న ప్రాణాల్లో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్ళవేనని అమెరికాలోని నియోష్ సంస్థ 1986లోనే హెచ్చరించింది. తోటివాడు కళ్ళముందు కూలితే కాళ్ళు ఆగవు. కరెంటు దగ్గరా ఇంతే. పట్టుకున్నవాణ్ణి వట్టి చేతులతో లాగబోయి రెండోవాడూ అతుక్కుపోతాడు.

అందుకే ఇన్నేళ్ళుగా రాస్తూ వచ్చిన మాటను ఈవారం దిద్దుకుంటున్నాను. ఇద్దరుంటే చాలదు. ఏమీ తెలియని తోడు ఇంకో ప్రాణాన్ని పణంగా పెట్టడమే. స్విచ్చు ఎక్కడుందో, ఎండిన కట్టె ఎక్కడుందో, ఎవరికి ఫోన్ చేయాలో తెలిసి, ముట్టుకోకూడని చోట ముట్టుకోకుండా నిలబడగలిగినవాడే తోడు. నిలబడడం కూడా పనితనమే. మన పెద్దలు దానికి కూలి కట్టారు. మోటారుకు వేలు పోసే మనం ఆ రెండో మనిషి కూలి దగ్గర బేరమాడి, మెకానిక్కును ఒంటరివాణ్ణి చేశాం.

ఆ కూలి మేమిస్తామని, రేపటి నుంచి జతగాణ్ణి పిలుచుకో అని మా బామ్మర్ది చేత చెప్పించాను. ఆ పూటకు నేనే తోడుంటానని చెప్పి, ఫీజులు నా చేతికిమ్మన్నాను.

పిల్లవాడు తల అడ్డంగా ఊపాడు. “ఇవి ఇయ్యను సార్. ఎవరి ప్రాణం వాళ్ళ జేబులోనే ఉండాల. మీరు పెట్టె కాడ నిలబడండి, ఎవర్నీ రానీయొద్దండి.”

పని అయ్యేదాకా ఎండలో అక్కడే నిలబడ్డాను.