బొగ్గు వేయు విద్య

టాటానగరులో పొద్దుటి బండి యెక్కి, చక్రధరపురమును, సోనువాను గడచి, గోయిల్కేరా దాటునప్పటికి సారండా యడవి సాలవృక్షములు ఇరుప్రక్కల దట్టమగును. ఈ దారిలో ఇప్పుడు విద్యుత్తే గాని ఆవిరి లేదు. ఐనను, ఒకప్పుడు చక్రధరపురము షెడ్డులో ఫైర్‌మనుగా పనిచేసి నాతో వచ్చిన బాబాయిగారు చడావు (ఎక్కుడు దారి) రాగానే మాట మాని చెవి యొగ్గిరి.

"బొగ్గు ఇసరడం కాదు బాబూ, పరవడం" అని ఆయన శ్రీకాకుళపు యాసలో పలికినదాని భావము, ఆయన ముంజేయి కదలిక చూచినప్పుడే నాకు బోధపడినది. పార అంచును పొయ్యివాకిటికి తాకించి మణికట్టు త్రిప్పినంతనే బొగ్గు వెనుక మూలలకు జల్లుగా పోవలెను. నిప్పు పలుచగను, తెల్లగను ఉండవలెను. ఒక్కుమ్మడిగా కుమ్మరించినచో గాలి చొరక, నల్లపొగ లేచి, ఆవిరి పడిపోవును. సేఫ్టీవాల్వు బుస్సుమన్న చూపరులకు వేడుకయే గాని, ఫైర్‌మనుకు తలవంపు: కాచిన నీళ్లు ఆకాశమున పారబోసినట్లే. ఇక మహాదేవ్‌సాల్ దాటి సొరంగము రాకమునుపే పచ్చిబొగ్గు ఆపి, ఉన్నదానిని బాగుగ మండనిచ్చి, గేజిగ్లాసులో నీరు చూచుకొని, ముక్కునకు తడిగుడ్డ కట్టుకొనెడివారట.

మా జంషెడ్‌పూరులో 1945లో వెలసిన టెల్కో కర్మాగారము, 1970 వరకు ఆవిరియింజనుల నిర్మాణము సాగించినది. వానిలో పేరెన్నిక గన్న వై.పి., వై.జి. తరగతులు మీటరుగేజివి, ఊరి వెలుపలి మార్గమో బ్రాడుగేజి. మన గుంటూరు–గుంతకల్లు వంటి దారులకై పుట్టిన ఆ యింజనులకు సారండా చడావు ఎక్కు యోగము లేకపోయినది!

నీలగిరిలో మెట్టుపాళయమునుండి కూనూరునకు పండ్లపట్టా (ర్యాకు)పై ఆవిరిబండి నేటికిని ఎక్కుచున్నది. 2005లో యునెస్కో దానికి వారసత్వ గౌరవమిచ్చినది. అట్టిదొకటి యిచటను నడువరాదా యని నాకును ఆశ కలదు. కాని 1887లో ఏర్పడి ఈ దారి వేసిన బెంగాల్ నాగపూర్ రైల్వేకు ఈ యడవి దృశ్యము గాదు, సరకు. సాలమ్రాకులు స్లీపర్లై పట్టాల క్రింద పడుకొన్నవి. కావున అట్టి బండియే వచ్చినచో, టిక్కెట్టు సొమ్ములో ఈ యడవిలోని హో తెగవారి గ్రామములకు తొలి వాటా ఉండవలెనని నా పక్షము.

మనోహరపురములో టీ త్రాగుచు ఈ మాట బాబాయిగారితో అంటిని. ఆయన చింతించినది వేరు: "నడపనీ బాబూ, ఫాల్గుణంలో మాత్రం వద్దు. ఆకంతా రాలి ఎండిపోయుంటాది. చిమ్నీ రవ్వ ఒక్కటి చాలు."