ఫిట్స్ మాత్రకు వేళే ప్రాణం

మూర్ఛ మందు జబ్బును మెదడులోంచి తీసెయ్యదు. మెదడు కణాల్లో విద్యుత్తు ఒక్కసారిగా చెలరేగకుండా పట్టి ఉంచుతుంది. రక్తంలో మందు తగినంత ఉన్నంతసేపే ఆ పట్టు నిలుస్తుంది. మాత్ర వేసుకున్న కాసేపటికి రక్తంలో మందు పెరుగుతుంది, ఆ తర్వాత గంటగంటకూ తరుగుతూ వస్తుంది. మరీ తరిగిపోకముందే తర్వాతి మాత్ర కడుపులో పడాలి. ఫిట్స్ మాత్రల గురించి డాక్టర్లు చెప్పే జాగ్రత్తల్లో చాలావాటికి మూలం ఇదే.

ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ ఉందని, సరైన వైద్యం అందితే వారిలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఢిల్లీలో ఎయిమ్స్, జీబీ పంత్, సఫ్దర్‌జంగ్ వంటి పెద్దాసుపత్రుల న్యూరాలజీ ఓపీలకు చుట్టుపక్కల రాష్ట్రాల నుంచి కూడా రోగులు వస్తారు. వారిలో ఎక్కువమంది ఇంటికి తీసుకెళ్లేది ఒక మందుల చీటీ. ఆ చీటీని ఇంట్లో రోజూ ఎంత శ్రద్ధగా పాటిస్తారన్నదాన్ని బట్టే ఫలితం ఉంటుంది.

చీటీలో మందు పేరు, మిల్లీగ్రాములు, వేళ మూడూ చూసుకోవాలి. 1-0-1 అంటే ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఏమీ లేదు, రాత్రి ఒకటి. లెవెటిరాసెటమ్ మాత్ర 250, 500, 750 మిల్లీగ్రాముల్లో దొరుకుతుంది కాబట్టి కొత్త స్ట్రిప్ కొన్నప్పుడల్లా పాత స్ట్రిప్ మీది అంకెతో పోల్చుకోవాలి. ఢిల్లీలో ఉండే తెలుగువారికి చీటీ ఇంగ్లిషులో ఉంటుంది, మందుల షాపులో హిందీలో చెబుతారు. ఇంట్లో మనవడికి మందు వేసే అమ్మమ్మకు తెలుగే వచ్చు. అలాంటి ఇంట్లో మందుల పేర్లు, వేళలు తెలుగులో రాసి బీరువా తలుపుకు అంటించాలి. పిల్లల సిరప్‌ను ఇంటి చెంచాతో కొలవకూడదు, సీసాతో ఇచ్చిన కొలత మూతో, సూది లేని సిరంజీయో వాడాలి. ఫెనిటాయిన్ సిరప్‌లో మందు అడుగుకు దిగుతుంది. బాగా కుదపకుండా పోస్తే మొదటి రోజుల్లో తక్కువ, సీసా అడుగుకు వచ్చేసరికి ఎక్కువ మోతాదు పడుతుంది.

రెండు పూటలు అంటే పన్నెండు గంటల ఎడం. పెద్దవాళ్ల రక్తంలో లెవెటిరాసెటమ్ ఆరు నుంచి ఎనిమిది గంటల్లో సగానికి తగ్గుతుంది. ఉదయం ఎనిమిదింటికి ఒకటి, సాయంత్రం నాలుగింటికి ఒకటి వేసుకుంటే తెల్లవారేసరికి మందు బాగా పలచబడిపోతుంది. ఫినోబార్బిటాల్ సగం కావడానికి సుమారు మూడు నాలుగు రోజులు పడుతుంది, అందుకే చాలామందికి అది రోజుకు ఒక్కసారి సరిపోతుంది. పేరు చివర క్రోనో, సీఆర్, ఎక్స్‌ఆర్ అని ఉన్న మాత్రలు మెల్లగా కరిగేలా తయారైనవి. వాటిని నమలకూడదు, పొడి చెయ్యకూడదు.

మాత్ర మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. అప్పటికే తర్వాతి వేళ దగ్గరపడితే మరిచినదాన్ని వదిలేసి, మామూలు వేళకు మామూలు మోతాదే తీసుకోవాలి. రెండూ కలిపి మింగకూడదు. ఫోన్లో అలారం, రోజుల పేర్లున్న అరల పెట్టె మరుపును చాలావరకు అరికడతాయి. మరుపు వల్లే కాక జీవితపు పరుగు వల్లా మాత్రలు తప్పుతాయి. గుర్‌గావ్, నోయిడా ఆఫీసుల్లో రాత్రి షిఫ్టు చేసేవారికి నిద్రలేమి తానే ఫిట్స్ తెప్పించగలదు, పైగా మందు వేళ కూడా తలకిందులవుతుంది. నీళ్లయినా ముట్టని కర్వా చౌత్ నాడు, రంజాన్ నెలలో మాత్ర మానెయ్యడం ప్రమాదం. ఉపవాసానికి ముందే డాక్టర్‌ను అడిగితే వేళలు సర్దుతారు, లేదా ఉపవాసం వద్దంటారు. సెలవులకు ఊరెళ్లేటప్పుడు తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ చేరడానికే ఒక రోజుకు పైన పడుతుంది. మందులు చేతి సంచీలో, చీటీతో సహా, ప్రయాణం కంటే వారం ఎక్కువ రోజులకు సరిపడా ఉండాలి.

అన్నిటికంటే బాధ కలిగించే కారణం దాచడం. మూర్ఛ ఉందని అత్తింటివారికి తెలిస్తే ఏమవుతుందోనన్న భయంతో మాత్రలను బట్టల మధ్య దాచి, ఎవరూ చూడనప్పుడు మింగే అమ్మాయిలు ఎందరో. ఎవరూ చూడని క్షణం దొరకని రోజున మాత్ర తప్పుతుంది, ఫిట్స్ వస్తాయి. హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అడ్డంకుల జాబితాలో ఒకప్పుడు మూర్ఛ ఉండేది, పార్లమెంటు 1999లో దాన్ని తొలగించింది. చట్టం తీసేసిన అడ్డంకిని ఇళ్లు కూడా తీసెయ్యాలి. మాత్రల డబ్బా అందరికీ కనబడేచోట ఉండగలిగిన ఇంట్లోనే మందు వేళకు పడుతుంది.

కొనేచోట మరో జాగ్రత్త ఉంది. 1968లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఫెనిటాయిన్ వాడేవారిలో చాలామందికి తూలు, మత్తు మొదలయ్యాయి. ఫెనిటాయిన్ మోతాదు మారలేదు. క్యాప్సూల్‌లో మందుతో కలిపే పూరకం కాల్షియం సల్ఫేట్ నుంచి లాక్టోజ్‌కు మారింది, దాంతో మందు ఒంటికి ఎక్కువగా పట్టింది. కాలేయం ఒక హద్దు దాకానే ఫెనిటాయిన్‌ను విరిచి పంపగలదు. హద్దు దాటితే కాస్త పెంపుకే రక్తంలో అమాంతం పెరిగిపోతుంది. అందుకని కంపెనీ మారినప్పుడల్లా డాక్టర్‌కు చెప్పాలి, వీలైనంతవరకు ఒకే కంపెనీ మందు కొనసాగించాలి. జనరిక్ మందు చవక, భయపడాల్సింది లేదు. జన్ ఔషధి కేంద్రంలో మొదలుపెడితే అక్కడే కొనసాగడం మేలు. ఫెనిటాయిన్, కార్బమజెపైన్, సోడియం వాల్‌ప్రోయేట్, లెవెటిరాసెటమ్ 2022 నాటి జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి. కచ్చితంగా నయం చేస్తామంటూ పేరు చెప్పకుండా అమ్మే పొడుల జోలికి మాత్రం పోకూడదు. అలాంటి కొన్నిటిలో ఫినోబార్బిటాల్ కలిపి ఉన్నట్టు మన దేశంలోనే పరీక్షల్లో తేలింది. ఎంత కలిపారో తెలియని మందును తగ్గించడమూ, ఆపడమూ ఎవరి చేతిలోనూ ఉండదు.

ఢిల్లీ ఎండలు 45 డిగ్రీలు దాటుతాయి, వర్షాకాలంలో గాలి ముద్దగా ఉంటుంది. తేమ తగిలితే కార్బమజెపైన్ మాత్రలు గట్టిపడి సరిగా కరగవు, శక్తి మూడో వంతు దాకా తగ్గవచ్చు. స్నానాల గది, వంటగది, నిలిపి ఉంచిన కారు మందులకు తగిన చోట్లు కావు. తేమ పీల్చే వాల్‌ప్రోయేట్ మాత్రలను వేసుకునే వేళకే స్ట్రిప్ నుంచి తియ్యాలి.

ఇతర మందులతో పొత్తు మరో పెద్ద విషయం. క్షయకు వాడే ఐసోనియాజిడ్ ఫెనిటాయిన్‌ను రక్తంలో పెంచుతుంది, రిఫాంపిసిన్ తగ్గిస్తుంది. క్లారిత్రోమైసిన్‌తో కార్బమజెపైన్ పెరుగుతుంది. ఆసుపత్రిలో మెరోపెనెమ్ ఎక్కిస్తే వాల్‌ప్రోయేట్ ఒకటి రెండు రోజుల్లోనే పడిపోతుంది. నొప్పికి ఇచ్చే ట్రమడాల్ ఫిట్స్ తెప్పించగలదు. వాల్‌ప్రోయేట్ ప్లేట్‌లెట్లను తగ్గించగలదు కాబట్టి డెంగీ రోజుల్లో జ్వరానికి వెళ్లినప్పుడు ఆ మాట ముందే చెప్పాలి. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా, ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్‌కు కూడా, ఫిట్స్ మందు చీటీ చూపించాలి. మద్యం మానుకోవడమే క్షేమం.

దుష్ఫలితాల్లో మొదటి వారాల మత్తు, తూలు చాలాసార్లు తగ్గిపోతాయి. ఆలస్యం చెయ్యకుండా డాక్టర్‌ను చేరాల్సినవి వేరు: ఒంటిమీద దద్దుర్లు, నోటిలో పుండ్లు, జ్వరం, కళ్లు పచ్చబడటం, ఆగని వాంతులు. లామోట్రిజిన్‌ను వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచేది ప్రాణాంతకమైన చర్మ ప్రతిచర్యను తప్పించడానికే. వాల్‌ప్రోయేట్‌తో కలిపి ఇస్తే ఇంకా నిదానంగా పెంచుతారు. లామోట్రిజిన్ కొన్ని రోజులు ఆగిపోతే పాత మోతాదుతో మళ్లీ మొదలుపెట్టకూడదు, డాక్టర్‌ను అడగాలి. ఆసియా మూలాలున్న కొందరిలో హెచ్ఎల్ఏ-బి 1502 అనే జన్యు రూపం ఉంటే కార్బమజెపైన్‌తో ఆ చర్మ ప్రతిచర్య ప్రమాదం ఎక్కువ. 2007లో అమెరికా ఔషధ సంస్థ దీనిపై హెచ్చరిక ఇచ్చింది. లెవెటిరాసెటమ్ కొందరిలో చిరాకు, కోపం, దిగులు తెస్తుంది. చనిపోవాలన్న ఆలోచన వస్తే అదే రోజు డాక్టర్‌కు చెప్పాలి. ఫెనిటాయిన్ చిగుళ్లను వాచేలా చేస్తుంది, ఏళ్ల తరబడి వాడితే ఎముకలనూ పలచబరచవచ్చు.

ఆడవాళ్లకు అదనపు జాగ్రత్త కావాలి. గర్భిణి వాల్‌ప్రోయేట్ వాడితే పదిమంది శిశువుల్లో ఒకరికి దాకా పుట్టుకలోపం రావచ్చు. పదిమందిలో ముగ్గురు నలుగురికి ఎదుగుదల సమస్యలు రావచ్చు. అందుకే పిల్లలు కావాలనుకున్నప్పుడు ముందే మందు మార్పు గురించి మాట్లాడుకోవాలి, ఫోలిక్ ఆమ్లం మొదలుపెట్టాలి. గర్భమని తెలియగానే భయపడి సొంతంగా మానేస్తే తల్లికీ బిడ్డకూ ప్రమాదమే. ఫెనిటాయిన్, కార్బమజెపైన్ గర్భనిరోధక మాత్రల పనిని తగ్గిస్తాయి. ఆ మాత్రల్లోని ఈస్ట్రోజన్ లామోట్రిజిన్‌ను తగ్గిస్తుంది.

ఫిట్స్ రెండేళ్లు రాకపోతే డాక్టర్ మందు తగ్గించే ఆలోచన చేస్తారు, అదీ అందరికీ కాదు. తగ్గించడం నెలల తరబడి సాగుతుంది. ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే స్థితి దాపురించవచ్చు, అది ప్రాణం తియ్యగలదు.

మందు వాడుతున్నా ఫిట్స్ వస్తే మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తటిది పెట్టాలి, టైం చూసుకోవాలి. నోట్లో ఏదీ పెట్టకూడదు. చేతిలో తాళాలు పెట్టడం, ముక్కు దగ్గర చెప్పు పట్టడం ఎందుకూ పనికిరావు. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా 112కు ఫోన్ చెయ్యాలి. డాక్టర్ ముందే రాసిచ్చిన మిడజోలామ్ నాసల్ స్ప్రే ఇంట్లో ఉంటే చెప్పినట్టు కొట్టాలి. పూర్తిగా మేలుకున్నాకే నీళ్లు, మాత్ర ఇవ్వాలి. ఆ తేదీ, వ్యవధి, అంతకుముందు తప్పిన మాత్రలు, నిద్ర, జ్వరం ఒక పుస్తకంలో రాసుకుని తర్వాతి ఓపీకి తీసుకెళ్లాలి. మోతాదు పెంచాలో, మందు మార్చాలో, వేళ సరిదిద్దితే చాలో డాక్టర్ నిర్ణయించేది ఆ వివరాలను చూసే.