షేక్‌స్పియర్ కర్తృత్వ వివాదం: ప్రశ్న వెనుక ఉన్న భావనలు

విలియం షేక్‌స్పియర్ (1564-1616) పేరిట ప్రసిద్ధమైన నాటకాలను నిజంగా ఎవరు రచించారన్న వివాదంలో విమర్శకులు సమాధానాలను పరీక్షించినంతగా ప్రశ్నను పరీక్షించలేదు. ప్రతి నాటకానికీ ఒకే కర్త ఉంటాడని, కర్త పుట్టుక, జీవితం రచనలో ప్రతిఫలించి తీరుతాయని ఆ ప్రశ్న ముందే నిశ్చయించుకుంటుంది. ఈ రెండు భావనలూ ఆనాటి రంగస్థల చరిత్రతో పొసగవని చూపడం ఈ వ్యాస లక్ష్యం.

ముందుగా బాహ్య సాక్ష్యాలను చూడాలి. 1598లో ఫ్రాన్సిస్ మియర్స్ పన్నెండు నాటకాలను షేక్‌స్పియర్ రచనలుగా పేర్కొన్నాడు. 1623లో హెమింజెస్, కాండెల్ 36 నాటకాలను ఆయన పేరిట సంపుటంగా వెలువరించారు. వీరిద్దరూ ఆయన సహనటులు. ఆయన వీలునామాలో పేర్లున్నవారు. ఆ సంపుటానికి బెన్ జాన్సన్ ప్రశంసాపద్యం రాశాడు. కర్తృత్వ సందేహం ప్రత్యేక గ్రంథంగా బలపడింది 1857లో, డీలియా బేకన్ రచనతో. 1920లో థామస్ లూనీ ఆ కర్తృత్వాన్ని ఆక్స్‌ఫర్డ్ ప్రభువు ఎడ్వర్డ్ డి వీర్‌కు ఆపాదించాడు.

సందేహవాదుల ప్రధాన తర్కం సామాజికమైనది. చేతి తొడుగులు తయారుచేసేవాని కుమారుడికి, విశ్వవిద్యాలయంలో చదవనివానికి, రాజాస్థానాల మర్యాదలూ ఇటలీ నగరాలూ ఎలా తెలుస్తాయని వారి ప్రశ్న. అయితే జాన్సన్ సవతి తండ్రి తాపీమేస్త్రి. జాన్సన్ కూడా విశ్వవిద్యాలయ పట్టభద్రుడు కాడు. అయినా ఆయన ప్రాచీన భాషా పాండిత్యాన్ని ఎవరూ శంకించరు. పైగా ఈ నాటకాల ఇతివృత్తాలలో అనేకం ముద్రిత గ్రంథాల నుండి గ్రహించినవి. రోమన్ నాటకాలకు ప్లూటార్క్ జీవితచరిత్రల ఆంగ్లానువాదం, చారిత్రక నాటకాలకు హోలిన్‌షెడ్ సంకలనం ఆకరాలు. రచయిత చదివినదానిని వదిలి అనుభవించినదానినే వెదకడం నాటకాన్ని ఆత్మకథగా పొరబడడమే. స్వహస్త ప్రతులు దొరకలేదన్న వాదం కొంత గట్టిదే. కానీ నాటకప్రతులు నాటక సమాజాల సొత్తుగా ఉన్న ఆ కాలంలో ఇతర నాటకకర్తల ప్రతులూ అధికభాగం నశించాయి.

నిర్ణాయకమైన సాక్ష్యం సహరచన నుండి లభిస్తుంది. 'ది టూ నోబుల్ కిన్స్‌మెన్' 1634 ముద్రణ ముఖపత్రం మీద జాన్ ఫ్లెచర్, షేక్‌స్పియర్ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఛందస్సు, పదప్రయోగాల ఆధారంగా పండితులు తొలి అంకాన్నీ, చివరి అంకంలో అధికభాగాన్నీ షేక్‌స్పియర్‌కు, మధ్యభాగాన్ని ఎక్కువగా ఫ్లెచర్‌కు ఆపాదిస్తారు. 'ఎనిమిదవ హెన్రీ' కూడా వీరి సహరచనే అన్నది బహుళామోదం పొందిన నిర్ణయం. 1613లో గ్లోబ్ నాటకశాల దగ్ధమైనప్పుడు అక్కడ ప్రదర్శితమవుతున్నది ఆ నాటకమే. డి వీర్ 1604లోనే మరణించాడు. ఆయన విడిచిపోయిన ప్రతులను ఇతరులు పూరించారని వాదించవచ్చు. అయితే ఆద్యంతాలను ఒకరు, మధ్యభాగాన్ని మరొకరు పంచుకోవడం ముందుగా ఆలోచించుకున్న ఉమ్మడి రచనను సూచిస్తుంది. అసంపూర్ణ ప్రతికి చేసిన అతుకును కాదు. రహస్యంగా రాసే ప్రభువు కన్నా, నాటక సమాజంలో భాగస్వామిగా ఉన్న నటుడే ఈ సాక్ష్యానికి సరిపోతాడు.

ఇక్కడ తెలుగు సాహిత్య చరిత్రలోని ఒక వివాదం పోల్చదగినది. 'ఆముక్తమాల్యద' కృష్ణదేవరాయల రచన కాదని, అల్లసాని పెద్దన రచన అని వాదించినవారున్నారు. ఇంగ్లండులో నటుడి రచనను ప్రభువుకు ఇవ్వజూస్తే, ఇక్కడ ప్రభువు రచనను ఆస్థానకవికి ఇవ్వజూశారు. దిశలు వేరైనా, రచనాశక్తిని సామాజిక స్థానంతో కొలిచే ధోరణి రెండింటిలోనూ చోటుచేసుకోగలదు. కానీ పెద్దన వాదానికి పాఠగతమైన ఒక ఆధారం ఉంది: 'మనుచరిత్ర'లోని రాజవంశ వర్ణన పద్యాలు కొన్ని 'ఆముక్తమాల్యద'లోనూ కనిపిస్తాయి. దానికి ప్రతిగా రెండు కావ్యాల శైలీభేదాన్ని పండితులు చూపారు. అంటే ఈ వివాదంలో చర్చించదగిన భాగం పాఠాలను పక్కపక్కన పెట్టి చేసే పరిశీలన; రాజు ఇంత రాయగలడా అన్న ఊహ కాదు.

కనుక కర్తృత్వ నిర్ణయంలో సమకాలిక సాక్ష్యం, పాఠపరిశీలన, రచన జరిగిన సంస్థాగత పరిస్థితి ముందు రావాలి. జీవితచరిత్ర ఊహలు ఆ తరువాతే. ఈ క్రమం తలకిందులైతే విమర్శకుడు కర్తను అన్వేషించడం మాని, తన కాలానికి నచ్చిన కర్తను నియమించుకుంటాడు. షేక్‌స్పియర్ విషయంలో నేడు ఫలవంతమైన ప్రశ్న ఆయన రాశాడా లేదా అన్నది కాదు. ఏ భాగాన్ని ఎవరితో కలిసి రాశాడన్నది.