గుర్రపు గిట్ట రుచి

తొలినాటి అమెరికా సాహిత్యంలో ముందు ఎదురయ్యేది ఉపదేశమే. చర్చి ప్రసంగాలు, ఆత్మపరీక్ష దినచర్యలు, వలసల చరిత్రలు. మసాచుసెట్స్‌లో 1640లో అచ్చయి నేటికీ మిగిలిన తొలి పుస్తకం కూడా కీర్తనల సంపుటమే. అక్కడ స్థిరపడిన ప్యూరిటన్ క్రైస్తవులు కలం పట్టింది దేవుడికి లెక్క అప్పజెప్పడానికి. రసం వాళ్ల ఉద్దేశంలో లేదు. అయినా వచ్చింది. దొంగదారిన వచ్చింది కాబట్టే నాకంత ఇష్టం.

ప్యూరిటన్ కవయిత్రి ఆన్ బ్రాడ్‌స్ట్రీట్ ఇల్లు 1666 జులైలో కాలిపోయింది. ఇచ్చినవాడే తీసుకున్నాడని కవితలో తనకు తాను నచ్చజెప్పుకుంటుంది. అంతలోనే చూపు బూడిదవైపు పోతుంది: పెట్టె ఉండే చోటు, తాను కూర్చునే చోటు, ఇక ఏ అతిథీ భోంచెయ్యని బల్ల. వైరాగ్యం చెప్పిన పాదాలు మరిచిపోతాం. ఆ పెట్టె మాత్రం గుర్తుండిపోతుంది.

ఇక మేరీ రోలాండ్‌సన్. పాదరీ భార్య. 1676 ఫిబ్రవరిలో, ఇంగ్లీషు వలసదారులకూ ఆదివాసులకూ మధ్య జరిగిన కింగ్ ఫిలిప్ యుద్ధకాలంలో, లాంకాస్టర్ ఊరిమీద దాడిచేసిన ఆదివాసులు ఆవిడను బందీగా తీసుకుపోయారు. 11 వారాల తర్వాత 20 పౌన్లు చెల్లిస్తే విడుదలైంది. ఆవిడే రాయగా 1682లో అచ్చయిన ఆ కథే అమెరికాలో చెరకథలకు ఒరవడి దిద్దింది. అందులో అధ్యాయాలు ఉండవు, మజిలీలుంటాయి, మొత్తం 20. ఒక్కో మజిలీకి ఇల్లు ఇంకాస్త దూరమవుతుంది. పుస్తకానికి ఇంతకన్నా బిగువైన కట్టడం ఏ శిల్పశాస్త్రం నేర్పుతుంది?

ఆరేళ్ల కూతురు సారా తూటా దెబ్బతో తల్లి ఒళ్లోనే నలిగి నలిగి చనిపోతుంది. శవం ఉన్న గదిలో నిలవలేని మనిషిని, ఇప్పుడు బిడ్డ పక్కనే రాత్రంతా పడుకోగలిగానని రాస్తుంది. అంతే. విలాపం లేదు. కరుణరసం పండించాలని తంటాలుపడే మన కవులు ఒకసారి చదవాలి.

ఇక ఆకలి. మొదటివారం దాదాపు ఏమీ ముట్టలేదు. మూడోవారానికి ఒకప్పుడు తలచుకుంటేనే కడుపులో తిప్పినవి కమ్మగా ఉన్నాయి. ఒకచోట గుర్రం గిట్టలు ఉడుకుతున్నాయి. ఆవిడకో ముక్క, మరో ఇంగ్లీషు పిల్లకో ముక్క ఇచ్చారు. గట్టిగా ఉండి ఆ పిల్ల నమల్లేకపోతోంది, చొంగ కారుస్తూ చీకుతోంది. రోలాండ్‌సన్ ఆ ముక్క లాక్కుని తినేసింది. రుచిగా ఉందట! పిల్ల ఏమైందో చెప్పదు. వెంటనే బైబిల్లోని యోబు గ్రంథం నుంచి ఒక వాక్యం. బీభత్సం మీద శాంతం కప్పాలనుకుంది; కప్పు చాల్లేదు. ఆ చాలనితనమే ఈ వచనంలోని మహాసౌందర్యం.

ఆదివాసుల గురించి ఆవిడ వాడిన మాటలు నేడు చదవడం కష్టం. యుద్ధం వాళ్లకెందుకు వచ్చిందో ఆవిడకు పట్టదు. కానీ కళ్లు మనసుకన్నా నిజాయితీగా పనిచేశాయి. వాళ్ల నాయకుడు మెటాకమ్, ఇంగ్లీషువాళ్లు కింగ్ ఫిలిప్ అన్న ఆ మనిషి, తన కొడుక్కి చొక్కా కుట్టమన్నాడు. ఒక షిల్లింగ్ ఇచ్చాడు. తర్వాత ఆ కొడుక్కే టోపీ కుట్టించి భోజనానికి పిలిచాడు. వేయించిన గోధుమలు దంచి, ఎలుగు కొవ్వులో కాల్చిన, రెండు వేళ్లంత రొట్టె పెట్టాడు. అంత రుచైనది జన్మలో తినలేదనిపించిందని ఆ పాదరీ భార్యే రాసుకుంది.