ఎవరి ఆదివారం?

దూరదర్శన్ పాత గుర్తు అచ్చేసిన టీ కప్పులు, చొక్కాలు ఇప్పుడు అమ్ముతున్నారు. శక్తిమాన్ స్టిక్కర్లు దాచుకున్నవాళ్లు వాటికి ఫొటోలు తీసి పదిమందికీ చూపిస్తున్నారు. చెక్క తలుపులున్న టీవీ పెట్టె, డాబా మీద చేపముల్లు లాంటి యాంటెనా, రామాయణ్, మహాభారత్, చిత్రలహరి. అన్నిటినీ ఒక మూటగట్టి దానికి ‘మనందరి బాల్యం’ అని పేరు పెట్టారు. టీ కప్పుతో నాకు పేచీ లేదు. ఆ ‘మనందరి’తోనే పేచీ.

మేం ఆ సీరియళ్లు చూడలేదని, ఇష్టపడలేదని ఎవరైనా అంటే అది పచ్చి అబద్ధం. మా గల్లీలో రెండే టీవీలుండేవి. ఆదివారం తొమ్మిదిన్నరకి పిల్లలంతా ఆ రెండు గుమ్మాల్లోనే. తెర మీద హిందీ, చూసేవాళ్లంతా తెలుగువాళ్లు. సాయిబుల పిల్లలం కాబట్టి మాకే తెలుస్తుందని అందరూ మమ్మల్నే అడిగేవాళ్లు. మాకొచ్చింది ఇంటి ఉర్దూ, అక్కడ వినిపించేది సంస్కృతం కలిపిన హిందీ. అయినా కైక అడిగిన వరాలేమిటో పక్కింటి పెద్దమ్మకు తెలుగులో చెప్పింది మేమే. ఆమెకు కథంతా ముందే తెలుసు కాబట్టి మా తప్పులు దిద్దుతూ వినేది. తెలుగే ఇంటిభాషైన దూదేకుల ఇళ్ల పిల్లలు మాత్రం మాలో కలవలేక, పెద్దమ్మతో కలవలేక నోరు తెరుచుకుని బాణాలు చూసేవాళ్లు.

ఆ బాణాల సంగతి చెప్పుకోవాల్సిందే. రెండు బాణాలు ఆకాశంలో నిమిషాలకొద్దీ ఎదురెదురుగా నడిచొచ్చి, ముక్కూ ముక్కూ తాకించుకుని మాయమయ్యేవి. అట్టతో చేసినట్టుండే రాజభవనాలు, తళుకుల కిరీటాలు, ఒక్క కన్నీటిబొట్టు కోసం అయిదారు ముఖాల మీద ఆగి ఆగి తిరిగే కెమెరా. కళగా చూస్తే చాలా భాగం నాసిరకం. దాన్ని చూసి నవ్వుకోవడంలో ఒక ప్రేమ ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఈ నవ్వే ఇప్పుడు ఒక ముసుగైంది. ఇంత అమాయకమైన అట్టబొమ్మలు ఎవరికేం హాని చేస్తాయి అనే వాదన ఈ నవ్వులోంచే పుడుతోంది.

పక్కనే ఇంకో అట్టకోటని పెట్టి చూడండి. 1990లో అదే దూరదర్శన్‌లో ‘ది స్వోర్డ్ ఆఫ్ టిప్పు సుల్తాన్’ వచ్చింది. సంజయ్ ఖాన్ తీసి, తనే టిప్పుగా వేశాడు. తళుకుల్లో, పెద్దగొంతు సంభాషణల్లో రామానంద సాగర్‌కి ఏమీ తీసిపోలేదు. షూటింగ్‌లో ఉండగా 1989 ఫిబ్రవరి 8న మైసూరు ప్రీమియర్ స్టూడియోలో మంటలంటుకుని 62 మంది చచ్చిపోయారు. ఏ జ్ఞాపకాల జాబితాలోనూ ఆ చావులు కనిపించవు. సీరియల్ మీద కోర్టుల దాకా గొడవ నడిచింది. చివరికి, ఇది కల్పిత కథ, దీనికి టిప్పు నిజజీవితంతో గానీ పాలనతో గానీ సంబంధం లేదు అనే అర్థం వచ్చే ప్రకటన తెర మీద వేసి మరీ ప్రసారం చేశారు. భగవాన్ గిద్వానీ నవల ఆధారం కాబట్టి కల్పన అంటే తప్పేముంది అని అడగొచ్చు. తప్పేం లేదు. అదే న్యాయం ఇంకో సీరియల్‌కి ఎందుకు లేదన్నదే నా ప్రశ్న. 1799 మే 4న శ్రీరంగపట్నంలో ఇంగ్లీషువాళ్లతో పోరాడుతూ నేలకొరిగిన మనిషి కథ కల్పన అయింది. పురాణానికి మాత్రం ఏ ప్రకటనా అవసరం కాలేదు. సరిగ్గా ఆ ఏళ్లలోనే ఆ పురాణానికి ఫలానా ఊళ్లో, ఫలానా గుమ్మటం కింద అని చిరునామా రాస్తున్నారు.

సీరియల్ వల్ల మసీదు కూలిందని నేను అనను. అంత సులువుగా చరిత్ర నడవదు. రామాయణ్‌ని 1987 జనవరిలో మొదలుపెట్టింది కాంగ్రెస్ ప్రభుత్వం. 1988 అలహాబాదు ఉప ఎన్నికలో రాముడి వేషధారిని ప్రచారానికి దింపిందీ కాంగ్రెస్సే. 1990లో అద్వానీ గారి టయోటా బండి రథమయ్యేనాటికి ఆ రథం ఎలా ఉండాలో దేశానికి టీవీ ముందే చూపించి పెట్టింది. 1991లో సీత వేసిన దీపిక, రావణుడు వేసిన అరవింద్ త్రివేది ఇద్దరూ బీజేపీ ఎంపీలయ్యారు. రాముడు వేసిన అరుణ్ గోవిల్ 2024లో మీరట్ నుంచి గెలిచాడు. రాముడూ రావణుడూ ఒకే పార్టీలోకి వెళ్లారని ఎవరూ ఆశ్చర్యపోలేదు కూడా.

జ్ఞాపకాల మూటలోంచి జారిపోయింది ఇంకొకటుంది. 1988లో సీరియల్ ఉత్తరకాండ చూపకుండా ముగుస్తోందని పంజాబులో, ఉత్తరాదిన పారిశుధ్య కార్మికులు సమ్మెకు దిగారు. వాళ్లు తమ మూలపురుషుడిగా కొలుచుకునే వాల్మీకి ఆ భాగంలోనే కనిపిస్తాడు. చెత్త ఎత్తడం మానేశాకే సర్కారు దిగొచ్చి, లవకుశుల కథ తీయించింది. అందరి ఆదివారంలో చోటు కోసం కొందరు పని ఆపి కొట్లాడాల్సి వచ్చిందన్నమాట!

మరి తెర మీద మేమెక్కడున్నాం? 1988 మీర్జా గాలిబ్‌లో ఉన్నాం – గుల్జార్ తీసిన మంచి సీరియల్, నసీరుద్దీన్ షా గొప్పగా చేశాడు. అయితే అది గడిచిపోయిన దర్బారు. నుక్కడ్‌లో హోటలు నడిపే కాదర్ భాయి ఉన్నాడు. అతనొక్కడే కాస్త మా వీధిమనిషిలా అనిపించేవాడు. తర్వాత 1993లో అలిఫ్ లైలా. జిన్నులు, మంత్రపు చాపలు, సుర్మా కళ్ల విలన్లు. ఇదీ సాగర్ సంస్థ వాళ్లదే. పురాణం తీసినచోట భక్తి, మా పేర్లున్నచోట మాయాజాలం. పరుపులు కుట్టేవాడు, పంక్చర్లు వేసేవాడు, బీడీలు చుట్టే ఆడమనిషి, తెలుగులో ఏడ్చే సాయిబు – వీళ్లకి ఏ ఆదివారమూ రాలేదు. 1988లోనే వచ్చిన తమస్, దేశ విభజన కొట్లాటల్ని నెత్తురుతో సహా చూపించింది. ఆపమని కోర్టుకెళ్తే సుప్రీంకోర్టు ఆపనన్నది. అంతటి పనిని ఏ టీ కప్పు మీదా నేను చూడలేదు. మనసుకు హాయిగా లేనిదాన్ని జ్ఞాపకాల వ్యాపారం కొనదు.

2020 మార్చి 28న, లాక్‌డౌన్‌లో, రామాయణ్ మళ్లీ మొదలైంది. పొద్దునొకసారి, రాత్రొకసారి. ఏప్రిల్ 16న ప్రసారమైన భాగాన్ని 7.7 కోట్ల మంది చూశారని, ఇది ప్రపంచ రికార్డని దూరదర్శన్ ప్రకటించుకుంది. మా ఇంట్లో కూడా చూశాం. పాత రోజులొచ్చాయని అమ్మీ సంబరపడింది. సరిగ్గా ఆ వారాల్లోనే ఢిల్లీ మర్కజ్ పేరు చెప్పి ‘కరోనా జిహాద్’ అనే మాటని ఊరూరా తిప్పారు. కూరగాయల బండివాణ్ని ఆపి పేరు అడిగారు. ఇంట్లో టీవీ ఒక్కటే. ఒక ఛానల్‌లో మా బాల్యం, మీట నొక్కితే పక్క ఛానల్‌లో మేమే వైరస్. ఆ నెలల్ని తలుచుకుంటూ “ఎంత హాయిగా గడిచింది, కుటుంబమంతా కలిసి రామాయణ్ చూశాం” అని ఇప్పటికీ రాస్తున్న లౌకిక మిత్రులున్నారు. వాళ్ల హాయి దొంగది కాదు. రిమోట్ మాత్రం వాళ్ల చేతిలోనే ఉంది.

చివరగా రాహీ మాసూమ్ రజా. 94 వారాలు దేశం విన్న మహాభారత్ మాటలు ఈయన రాసినవే. ముస్లిం రాయడమేమిటని ఉత్తరాలు కూడా వచ్చాయి. అందులో ‘భ్రాతాశ్రీ’ అన్నప్పుడల్లా నాకు దాని వెనక ‘భాయిజాన్’ వినిపిస్తుంది. ఆ ‘శ్రీ’లో ఒక ముస్లిం ఇంటి మర్యాద ఉంది. అర్జునుడు వేసిన ఫిరోజ్ ఖాన్ అయితే పేరే అర్జున్ అయిపోయాడు. కాలచక్రం తిరుగుతుండగా వినిపించే ఆ ‘సమయ్’ గొంతును అనుకరించి నవ్వించేవాళ్లు మన ప్రతి పెళ్లిలో ఉంటారు. ఆ మాటలు రాసిందెవరని వాళ్లని అడిగి చూడండి. రజా తన పల్లె గంగౌలీ ముస్లింల మీద రాసిన ‘ఆధా గావ్’ నవల 1966లో వచ్చింది. ఊరు వదిలి పాకిస్తాన్ పోవడం ఎందుకో అర్థంకాని మనుషుల కథ. ఆయన 1992 మార్చిలో పోయారు. డిసెంబరు 6 చూడలేదు.