బాట మీది పిట్టల లెక్క

పక్షుల్ని చూడాలంటే కొల్లేరుకో నేలపట్టుకో పోవాలనుకుంటాం. వలస పక్షుల గుంపులకైతే అక్కడికి పోవాల్సిందే. పిట్టను గుర్తుపట్టే కన్ను కుదిరేది మాత్రం ఊరి బాట మీదే. ఒక పక్క చెరువు, మరో పక్క పొలం, నడుమ తుమ్మలు, తాటిచెట్లు, కరెంటు తీగలు. ఇవన్నీ ఒక్కచోట కలిసే అంచు కనుక కాస్త దూరం నడిచేసరికి నీటి పిట్టలూ, మెట్ట పిట్టలూ, చెట్టు పిట్టలూ ఎదురవుతాయి.

పొద్దు పొడిచాక మొదటి రెండు గంటలు మేలు. ఎండ ముదిరితే పిట్టలు నీడకు చేరి సద్దుమణుగుతాయి. ఎండ వీపుకు తగిలేలా నడవాలి. ఎదురెండలో ఏ పిట్టయినా నల్లగానే కనిపిస్తుంది. నాలుగడుగులు వేసి ఆగాలి, ముందు చెవి పెట్టాలి. తీతువు అరుపు, జెముడుకాకి మంద్రపు కూత కంటికంటే ముందే ఆచూకీ చెబుతాయి. 8 రెట్లు పెద్దగా చూపే బైనాక్యులర్ చాలు. పిట్ట మీంచి చూపు తిప్పకుండానే దాన్ని కళ్ల దగ్గరికి తేవాలి. రంగు కంటే ముందు సైజు చూసుకోవాలి: పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా? ఆ తర్వాత ముక్కు, తోక, ఎగిరే తీరు.

తీగ మీద చీలిన తోకతో కూర్చున్న నల్లపిట్ట పసులపోలిగాడు. గేదెల మంద కదిలితే వెంటే వచ్చి, గడ్డిలోంచి లేచిన పురుగుల్ని గాల్లోనే పట్టేస్తుంది. నాలుగు స్తంభాల అవతల పాలపిట్ట. కూర్చున్నంతసేపూ మట్టిరంగే ఎక్కువ. నేల మీద మిడత కదిలిందా, రెక్కలు విప్పి దూకుతుంది. ముదురు నీలం, లేత నీలం పట్టీలు ఒక్కసారిగా బయటపడతాయి. మిడతను కరుచుకుని పైకొచ్చి, బాది మరీ మింగుతుంది.

దసరానాడు పాలపిట్ట కనబడితే శుభమంటాం. తెలంగాణ రాష్ట్ర పక్షి అదే. అలాంటి పిట్ట పన్నెండేళ్లలో 30 శాతానికి పైగా తగ్గిందని 2023లో వెలువడిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక తేల్చింది. దానికి ఆధారం 30 వేల మందికి పైగా పక్షుల పరిశీలకులు ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో నమోదు చేసిన జాబితాలు. అందరూ అరుదైన పిట్టల వెంటే పడి ఉంటే ఈ తగ్గుదల బయటపడేది కాదు.

కాబట్టి ఒకే బాట ఎంచుకుని, వారానికోసారి, అదే వేళకు నడవండి. తారీఖు, సమయం, దూరం, గుర్తుపట్టిన ప్రతి పిట్టా, అవి ఎన్నున్నాయో రాయండి. కాకినీ గోరింకనూ వదలొద్దు. ఫోన్‌లో కూతలు వినిపించి పిట్టల్ని రప్పించొద్దు. పొదిగే కాలంలో అవి గూడు వదిలి వచ్చేస్తాయి. చూసినవన్నీ రాస్తేనే కనబడనిదాని లోటు తెలుస్తుంది. నిరుడు ఆరు పాలపిట్టలున్న తీగల మీద ఈ ఏడు రెండే ఉంటే, ఆ సంగతి చెప్పగలిగేది ఏడాది పొడుగునా ఆ బాటన నడిచిన మనిషే.